ముక్కుపుడక ఫోకస్‌లోనే ఉందండీ

మా ఇంట్లో రెండు కెమెరాలున్నాయి. ఒకటి నాది. రెండోది ఫోటోలు తీస్తుంది.

ఆ రెండోది మావారిది. కానన్ పవర్‌షాట్ ఎస్95, 2010లో వచ్చిన మోడలు. చొక్కా జేబులో కళ్ళజోడు కేసుకీ పెన్నుకీ మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది. బ్యాటరీ, కార్డు కలిపి తూచినా 200 గ్రాములు ఉండదు. మూలల్లో నల్లరంగు ఊడిపోయి లోపలి లోహం మెరుస్తూ ఉంటుంది. చేతికి తగిలించుకునే తాడు ఎప్పుడో తెగిపోతే మా అత్తయ్యగారి పాత కళ్ళజోడు తాడు కట్టుకున్నారు. 10 మెగాపిక్సెల్. ఈ ముక్క ఇప్పుడు కెమెరా షాపులో అంటే కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, జాలిగా చూస్తారు.

నాది మిర్రర్‌లెస్. ఫుల్ ఫ్రేమ్, 45 మెగాపిక్సెల్, పెళ్ళిళ్ళవాళ్ళూ పేపరువాళ్ళూ వాడే ప్రొఫెషనల్ సరుకు. కంపెనీ పేరు చెప్పను. ఈ కథలో వాళ్ళ తప్పు ఆవగింజంత కూడా లేదు మరి. బ్యాంకులో రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బుతో నేను కాశీ వెళతానని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు. నేను కెమెరా కొన్నాను. బాడీ ముప్పావు కిలో, దాని మూతికి తగిలించిన 24-70 లెన్సు ఇంకో తొమ్మిది వందల గ్రాములు. మావారు ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు కాబట్టి మాకు ఇంట్లో పోట్లాటలుండవు, పాఠాలుంటాయి. "1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరా 3.6 కిలోలుండేది. ఒక్క ఫోటో క్యాసెట్టు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఆ లెక్కన నీది సగం బరువు కూడా లేదు, మోయొచ్చులే" అన్నారు. అది ఓదార్పో ఎత్తిపొడుపో నాకిప్పటికీ తేలలేదు.

అత్తయ్యగారికి సందేహం ఇంకోటి వచ్చింది. "ఇందులో అద్దం ఉండదన్నావు కదమ్మాయ్, అద్దం తీసేసినప్పుడు రేటు తగ్గాలి కదా?" అన్నారు. పాతరకం పెద్ద కెమెరాల్లో లెన్సు వెనకాల ఓ అద్దం ఉండేదనీ, బటను నొక్కినప్పుడల్లా అది టపామని పైకి లేచేదనీ, 2008లో పానసోనిక్ వాళ్ళు జీ1 అనే మోడల్లో ఆ అద్దం పీకేశారనీ, 2013లో సోనీ ఏ7 వచ్చాక ఫుల్ ఫ్రేము కూడా ఈ దారి పట్టిందనీ వివరంగా చెప్పాను. ఆవిడ అంతా విని, "అదే నేనూ అంటున్నాను, తీసేశారు కదా" అన్నారు.

నేను కెమెరా కొన్న అసలు కారణం ఒప్పుకుంటాను. వెనకాల అంతా మసకబారి, మనిషి మాత్రం ముత్యంలా మెరిసే ఫోటోలుంటాయే, అవి నాకూ కావాలనిపించింది. మావారి కెమెరాలో అది జరిగే పని కాదు. దాని సెన్సారు నిలువూ అడ్డం చూస్తే 7.4 మిల్లీమీటర్లు, 5.6 మిల్లీమీటర్లు. చిటికెనవేలి గోటి మీద పెడితే ఇంకా చోటు మిగులుతుంది. నాది 36, 24. వైశాల్యంలో ఇరవై రెట్లు పెద్దది. సెన్సారు చిన్నదైతే దానికి తగ్గట్టు లెన్సూ పొట్టిదే అవుతుంది, పొట్టి లెన్సుకి దగ్గరా దూరం అన్న తేడా అంతగా పట్టదు. ఎస్95ని వైడ్‌లో ఉంచి ఓ మూడు మీటర్ల దూరాన ఫోకస్ చేస్తే ఇంచుమించు మీటరున్నర నుంచి ఆకాశం దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. పెళ్ళికూతురు, ఆవిడ వెనక పురోహితుడు, ఆయన వెనక ముక్కు తుడుచుకుంటున్న బాబాయి, ఆయన వెనక గోడ మీద బల్లి, ఎవరినీ వదలదు.

నేను వదిలించుకోవాలనుకున్నది సరిగ్గా ఆ బాబాయినీ బల్లినీ. అందుకని ఇంకో లెన్సు కూడా కొన్నాను, 85 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.4. మొదటి ఫోటో అత్తయ్యగారిది. ఆవిడ ఆ రోజు లాకరు నుంచి తెప్పించిన ఏడురాళ్ళ దుద్దులు పెట్టుకుని, జరీచీర కట్టుకుని, పెరట్లో మందారం చెట్టు ముందు బిగుసుకు కూర్చున్నారు. రెండు మీటర్ల దూరం నుంచి తీశాను. ఆ దూరంలో ఆ లెన్సుని పూర్తిగా తెరిస్తే నాలుగైదు సెంటీమీటర్ల మందాన మాత్రమే ఫోకస్ ఉంటుంది. మనిషి ముక్కుకీ చెవికీ మధ్య దూరం అంతకంటే ఎక్కువ. ఫోటో అద్భుతంగా వచ్చింది. ముక్కుపుడకలో రాయి, ఆ రాతిలో మా పెరటి గోడ కూడా కనిపిస్తున్నాయి. దుద్దులు మాత్రం పొగమంచులో కలిసిపోయాయి.

అత్తయ్యగారు ఫోను స్క్రీను మీద వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూశారు. "దుద్దులేవీ?"

"ముక్కుపుడక ఫోకస్‌లోనే ఉందండీ" అన్నాను.

"ముక్కుపుడక రోజూ ఉంటుంది. లాకరు కెళ్ళింది దుద్దుల కోసం కదమ్మాయ్."

దీన్ని బోకే అంటారనీ, వెనకాల మసకంతా ఖరీదైన మసకనీ చెప్పబోయాను. "మసక కోసం డబ్బివ్వడమేంటి, నాకు శుక్లం వచ్చినప్పుడు ఊరికే వచ్చింది" అన్నారు.

ఆ శుక్లం ఆపరేషను అయిన కొత్తలోనే ఇంకోటి జరిగింది. నా కెమెరాలో మనిషి కంటిని వెతికి పట్టుకునే ఫోకస్ ఉంది. కన్ను దొరగ్గానే దాని మీద చిన్న చదరం గీస్తుంది, మనిషి కదిలితే చదరమూ కదులుతుంది. సంక్రాంతి నాడు అత్తయ్యగారు నల్లకళ్ళజోడు పెట్టుకుని హాల్లో మావగారి ఫోటో కింద కూర్చున్నారు. మావగారు పోయి చాలా ఏళ్ళయింది, గోడ మీద గంధపు దండలో నవ్వుతూ ఉంటారు. కెమెరా నల్లద్దాల చుట్టూ కాసేపు తచ్చాడి, కన్ను దొరక్క, గోడెక్కి మావగారి ఎడమకంటి మీద చదరం గీసి స్థిరపడింది. ఎన్నిసార్లు కిందకి దింపినా మళ్ళీ అక్కడికే పోయింది. సంగతి చెబితే అత్తయ్యగారేమీ ఆశ్చర్యపోలేదు. "ఆయనెప్పుడూ అంతే. ఫోటో అంటే చాలు, ముందుకొచ్చేస్తారు" అన్నారు.

ఇక అమలాపురం పెళ్ళి. మా తోటికోడలి చెల్లెలి కూతురిది. రెండు లెన్సులు, ఒక ఫ్లాషు, బ్యాటరీలు, ఇవన్నీ సర్దిన సంచీ వీపున వేసుకుని మండపంలోకి అడుగుపెట్టాను. ఫ్లాషు విడిగా ఎందుకంటారా, ఈ ప్రొఫెషనల్ కెమెరాల్లో ఫ్లాషు ఉండదు. మావారి జేబులో దానికుంటుంది, బొద్దింక రెక్క విప్పినట్టు మూలలోంచి పైకి లేస్తుంది. అన్ని లక్షలు పోసినదానికి అదెందుకు లేదని నన్నడక్కండి, ఇంట్లో అడిగినవాళ్ళకే జవాబు లేదు.

మండపంలో అసలు ఫోటోగ్రాఫరు నన్ను చూసి ముందు మొహం చిట్లించాడు. తరవాత దగ్గరకొచ్చి, "ఏ స్టూడియో అండీ? మగపెళ్ళివారు వేరే పెట్టుకున్నారా?" అన్నాడు. కాదు బాబూ, చుట్టాలం అన్నాను. నమ్మలేదు. జీలకర్ర బెల్లం వేళకి నేను అతని ఫ్రేములో ఉన్నాను, తాళి కట్టే వేళకి అతను నా ఫ్రేములో ఉన్నాడు, ఇద్దరం డ్రోను ఫ్రేములో ఉన్నాం. తలంబ్రాల వేళకి బుద్ధి పుట్టి లెన్సు మార్చాను. లెన్సు తీయగానే సెన్సారు నోరు తెరుచుకుని ఉంటుంది, పైనుంచి పసుపు బియ్యం దోసిళ్ళతో కురుస్తున్నాయి. ఏ పండితుణ్ణడిగినా అది లెన్సు మార్చే ముహూర్తం కాదని చెప్పేవాడు. నెల తరవాత కొల్లేటి ఒడ్డున ఆటపాకలో పెలికాన్లని తీస్తే ఆకాశంలో ప్రతి ఫోటోకీ ఒకేచోట నల్లటి మచ్చ పడింది. మావారు తీరిగ్గా పరిశీలించి, "ఈ పక్షి కదలడం లేదేమిటోయ్?" అన్నారు.

భోజనాల దగ్గరకి వద్దాం. వియ్యాలవారి బంతి వేస్తున్నారు. నేను మెళ్ళో కెమెరాతో, వీపున సంచీతో వరసలోకి వెళ్ళబోతే, క్యాటరింగు సూపర్‌వైజరు ఎంతో మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టి, "ఫోటోగ్రాఫర్లంతా ఆఖరి బంతికండీ" అన్నాడు. అప్పటికే మావారు మొదటి బంతిలో పనసపొట్టు కూర కలుపుకుంటున్నారు. ఆయన నన్ను చూసి, ఎడంచేత్తో జేబులోంచి ఎస్95 తీసి, క్లిక్కుమనిపించి మళ్ళీ జేబులో వేసుకుని పప్పు వడ్డించమన్నారు. ఆ పెళ్ళిలో నాకు మిగిలిన ఫోటో అదొక్కటే. పెళ్ళివారి ఆల్బములో లేను, నా కార్డులో ఎలాగూ ఉండను. అందులో నేను అరిటాకు వైపు చూస్తున్న చూపు ఉంది చూశారూ, నా పెళ్ళి ఆల్బములో కూడా అంత భావం పలకలేదు.

అసలు తేడా అక్కడే ఉందని నాకు లోలోపల తెలుసు. నేను కెమెరా ఎత్తగానే ఇంట్లో అందరికీ డాక్టరు సూదితో వచ్చిన మొహాలొస్తాయి. వీపులు నిటారవుతాయి, పమిటలు సర్దుకుంటాయి, నవ్వుతున్నవాళ్ళు నవ్వు మానేసి నవ్వడం మొదలుపెడతారు. ఆయన జేబులోంచి తీసినప్పుడు ఎవరూ పట్టించుకోరు. కళ్ళజోడు తీస్తున్నారనుకుంటారు. మా ఇంట్లో నిజంగా మనుషుల్లా పడిన ఫోటోలన్నీ, ఆవకాయ కలుపుతూ చేతులు మండుతున్న అత్తయ్యగారు, మూడు చక్రాల సైకిలు మీంచి పడి ఏడవాలా వద్దా అని ఆలోచిస్తున్న మా అమ్మాయి కొడుకు, కాలేజీ వదిలి నలభయ్యేళ్ళయినా కొట్టుకుంటున్న మావారి స్నేహితులు, అన్నీ ఆ కళ్ళజోడు తాడు కెమెరావే. కొన్నింట్లో మూలన ఆయన వేలు కూడా ఉంటుంది, సంతకం అనుకోవాలి.

నా పక్షాన కూడా చెప్పుకోనివ్వండి. మా ఊరి సూర్యకళామందిరంలో మా మనవరాలు కూచిపూడి నాట్యం చేసింది. స్టేజీ మీద నీలం లైట్లు, ఎర్ర లైట్లు, పిల్ల ఒక్కచోట నిలవదు. ఎస్95 అక్కడ చేతులెత్తేసింది. బటను నొక్కాక అది ఆలోచించుకుని తీసేసరికి పిల్ల స్టేజీ అవతలి కొసలో ఉంది, ఫోటోలో గజ్జెల బదులు ఎర్రటి గీత ఉంది, వెలుగు చాలక బొమ్మంతా ఇసక చల్లినట్టుంది. నేను ఐఎస్ఓ 6400 పెట్టి, సెకనులో అయిదువందలో వంతు వేగంతో తీస్తే జడగంటలు గాల్లో ఆగాయి. పెలికాన్ల దగ్గరా అంతే. దానికున్న జూము 105 మిల్లీమీటర్లకి సమానం, పక్షి ఆవగింజంత పడుతుంది; నా 85లోనూ చిన్నదే గానీ, 45 మెగాపిక్సెళ్ళు కాబట్టి చుట్టూ కత్తిరించి పెద్దది చేసుకోవచ్చు. ఈ రెండు సందర్భాలూ నేను ఎక్కడ ఏ మాట వచ్చినా అందులో ఇరికించి చెబుతూ ఉంటాను. మా ఇంటికి పాలుపోసే అతనికి కూడా కంఠతా వచ్చు.

అయితే నా కెమెరా సెకనుకి 20 ఫోటోలు తీస్తుంది. ఇది సుగుణమని పుస్తకంలో రాశారు. మనవడి అన్నప్రాసనకి వాడు కత్తి పట్టుకుంటాడా, పుస్తకం పట్టుకుంటాడా, డబ్బు పట్టుకుంటాడా అని వేలు బటను మీదినుంచి తీయకుండా నొక్కిపట్టాను. వాడు పాక్కుంటూ వచ్చి నా లెన్సు మూత పట్టుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే మూత మీదికి చెయ్యి వస్తున్న ఫోటోలు, ఒకదానికీ ఇంకోదానికీ గోరంత తేడా లేనివి, వందల్లో ఉన్నాయి. ఒక్కో రా ఫైలూ 45 ఎంబీ పైమాటే. మంచివి ఏరి, రంగులు సరిచేసి పంపుతానని అమ్మాయికి మాటిచ్చాను. ఇప్పటికీ ఏరుతూనే ఉన్నాను. ఇప్పుడు వాడు గోంగూరన్నం తనే కలుపుకుని తింటూ, "అమ్మమ్మా, నా ఫోటోలు అయిపోయాయా?" అని అడుగుతున్నాడు. మావారు తీసిన నాలుగు ఫోటోలూ ఆ సాయంత్రమే ఫ్యామిలీ గ్రూపులో వెళ్ళిపోయాయి. తరవాత నేనూ ఏవో పంపాననుకోండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఎంత పెద్ద ఫోటోనైనా కుదించి ఇంచుమించు రెండు మెగాపిక్సెళ్ళు చేస్తుంది. ఆయన పదీ రెండయింది, నా నలభై అయిదూ రెండయింది. ఇంత సమానత్వం నేను బ్యాంకు యూనియన్లో కూడా చూడలేదు.

డ్రై క్యాబినెట్టు సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ అత్తయ్యగారు ఒప్పుకోరు. మాది కాకినాడ. సముద్రపు గాలి, ఏడాదంతా చెమ్మ. గాలిలో తేమ ఎక్కువరోజులు అరవై అరవై అయిదు శాతం దాటి ఉంటే లెన్సు అద్దాల లోపల బూజు పడుతుంది, సాలెగూడులా అల్లుకుంటుంది, ఒకపట్టాన వదలదు. అందుకని నలభై, యాభై మధ్య తేమ నిలిపే కరెంటు పెట్టె ఒకటి కొన్నాను. గాజు తలుపు, లోపల దీపం, ముందు అంకె. ఫ్రిజ్జు పక్కనే పెట్టాను. మావారి కెమెరాకి పెట్టె లేదు, అది ఆయన చెమట పీల్చుకుంటూ జేబులోనే పదిహేనేళ్ళ నుంచీ ఉంది.

శ్రావణమాసం ముసురు పట్టింది. అత్తయ్యగారి వడియాల డబ్బాలో వడియాలు మెత్తబడ్డాయి, చల్లమిరపకాయలు వంచితే వంగుతున్నాయి. ఆవిడ ఆ గాజు పెట్టె ముందు నిలబడి అంకె చూశారు, నన్ను పిలిచి అర్థం అడిగారు, చెప్పాను. చెప్పడమే ప్రాణం మీదికొచ్చింది. మర్నాడు పొద్దున తలుపు తీస్తే 85 లెన్సు పక్కన గుమ్మడివడియాలు, ఫ్లాషు మీద సగ్గుబియ్యం వడియాలు, కిందంతా చల్లమిరపకాయలు. వడియాలు మాత్రం కరకరలాడాయి, అది కాదనను. మావారు నాలుగు నంజుకుని, "ఇన్నాళ్ళకి దీనికో ప్రయోజనం కనబడింది" అన్నారు. రాజీ కుదిరింది. పై అర నాది, కింది అర ఆవిడది. మొన్న ఒక షష్టిపూర్తిలో నేను దగ్గరకెళ్ళి కెమెరా ఎత్తగానే పెద్దాయన ముక్కు ఎగబీల్చి, "పెరుగన్నం గుర్తొస్తోందమ్మా" అన్నారు.

ఈలోగా హైదరాబాదులో బీటెక్ చదివే మా ఆడపడుచు మనవరాలు వచ్చింది. పిల్ల ఇన్‌స్టాగ్రాములో ఉంటుంది కదా, నా కెమెరా చూసి మురిసిపోతుందని హాల్లో టేబులు మీద కనిపించేలా పెట్టాను. అది దాన్ని పక్కకి జరిపి వేరుశనగపప్పుల గిన్నె తీసుకుంది. మావారి జేబు చూసి మాత్రం కేక పెట్టింది. "తాతయ్యా! ఇది ఎస్95 కదా! నాకిచ్చేయవా? వీటి కోసం పాత సామాన్ల షాపులన్నీ తిరుగుతున్నాం మేం!" 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్ల డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికెళ్ళాయి, ఎక్కువ భాగం ఇలాంటి బుల్లివే. తరవాత ఫోన్లు వాటిని మింగేశాయి. ఇప్పుడు ఫోనులోనే పుట్టి పెరిగిన పిల్లలు వాటిని తవ్వుకుంటున్నారు. వీటిలో ఉండే పాతరకం సీసీడీ సెన్సారు రంగులు వేరే అంటుంది అది. నాకైతే అందులో మహిమ సీసీడీది తక్కువ, ఆ బుల్లి ఫ్లాషుదీ లోపల ఫోటోని వండే సాఫ్ట్‌వేరుదీ ఎక్కువ అనిపిస్తుంది. ఆ మాట పైకి అన్నాను. "మామ్మా, నువ్వు టెక్నికల్‌గా మాట్లాడకు" అంది.

పోయిన నెల అత్తయ్యగారు ఓ కోరిక కోరారు. "నా ఫోటో ఒకటి మంచిది తీసి ఫ్రేము కట్టించి ఉంచండి. రేపెప్పుడో దండెయ్యాలంటే మీరు రేషను కార్డులోది తీసి పెద్దది చేయిస్తారు, నాకు తెలుసు." నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఇది వరమనిపించింది. కిటికీ పక్కన కుర్చీ వేశాను, ఒక పక్కనుంచి వెలుగు పడేలా తెర సర్దాను. ఈసారి బుద్ధిగా ఎఫ్ 8 పెట్టాను, దుద్దులు రెండూ ఏడేసి రాళ్ళతో సహా పడ్డాయి. పెయింటింగులా వచ్చింది. 45 మెగాపిక్సెళ్ళలో అత్తయ్యగారి ఎనభై అయిదేళ్ళూ ఒక్క ఏడు కూడా తప్పిపోకుండా ఉన్నాయి. పక్కనుంచి పడే వెలుగు ప్రతి ముడతకీ ఒక నీడ ఇస్తుంది.

ఆవిడ చాలాసేపు చూశారు. "దుద్దులు బావున్నాయి. ముడతలెవరడిగారమ్మాయ్?"

మావారు పేపరు పక్కన పెట్టి, జేబులోంచి తీసి, ఎదురుగా నిలబడి, ఫ్లాషు లేపి ఒకటి కొట్టారు. ఫ్లాషు లెన్సుకి ఆనుకునే ఉంటుంది కాబట్టి వెలుగు సరిగ్గా ఎదురునుంచి పడుతుంది, ముడతల్లో నీడ నిలవదు. లైటింగు క్లాసుల్లో చెయ్యకూడదని మొట్టమొదట చెప్పే తప్పు అదే. అత్తయ్యగారికి పదిహేనేళ్ళు తగ్గాయి. దుద్దులు ధగధగమన్నాయి. వెనక గోడ, క్యాలెండరు, తిరుపతి వెంకన్న అన్నీ స్పష్టం. "ఇదీ ఫోటో అంటే. ఇది పెట్టండి. తొందరేం లేదు" అన్నారు.

ప్రింటు వేయించడానికి మెయిన్ రోడ్డులో స్టూడియోకి నేనే వెళ్ళాను, ఆ తరవాత పిఠాపురం వెళ్ళే పని ఉంది కాబట్టి నా సంచీ నా భుజానే ఉంది. మావగారి ఫ్రేము పక్కన సరిపోవాలి, పది బై పన్నెండు సైజు. పది మెగాపిక్సెళ్ళు దానికి సుబ్బరంగా సరిపోతాయి. కుర్రాడు కంప్యూటర్లో తెరిచి, "బాగా తీశారు మేడమ్, పెద్దావిడ మొహంలో కళ ఉంది" అన్నాడు. నా సంచీలోంచి తొంగిచూస్తున్న లెన్సు వైపు ఓసారి చూశాడు. "మీరూ ఫీల్డులోనే ఉన్నారన్నమాట."

నేను కాదనలేదు. బిల్లులో ఫోటోగ్రాఫర్లకిచ్చే రేటు వేశాడు, ఇరవై రూపాయలు తగ్గింది. నా కెమెరా ఇంటికి తెచ్చిన మొదటి సంపాదన అది. మావారికి లెక్క చెప్పేటప్పుడు అలాగే చెప్పాను.